తెల్లవారుజామున మూడింటికి అలారం మోగితే

(ఒంగోలులో ఇంజనీరింగ్ అధ్యాపకులు, పరిశోధక విద్యార్థుల సదస్సులో చేసిన ప్రసంగానికి అక్షర రూపం. మాట్లాడిన తీరునే వీలైనంత వరకు ఉంచాం.)

అందరికీ నమస్కారం. భోజనాలు అయ్యాక నాకు మైకు ఇచ్చారు, అదీ రిక్వైర్‌మెంట్స్ ఇంజనీరింగ్ మీద, అంటే సాఫ్ట్‌వేర్ ఎవరికి ఏం చేసి పెట్టాలో కనుక్కుని రాసే విద్య మీద. నిర్వాహకులకు నా మీద ఏమన్నా పాత కోపం ఉందేమో. (నవ్వులు) అందుకని సిద్ధాంతంతో మొదలుపెట్టను. ఒక వాక్యం చదువుతా, వినండి.

“చెరువు నీటిలో కరిగిన ఆక్సిజన్ లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే తగ్గితే, వ్యవస్థ 60 సెకన్లలోపు రైతు ఫోనుకు హెచ్చరిక పంపాలి.”

కొత్తపట్నం, సింగరాయకొండ, అట్టా కిందికి పోతే నెల్లూరు వైపు అల్లూరు, ఇందుకూరుపేట... వెనామీ రొయ్యల చెరువులున్న ఊళ్లలో అమ్మబోయే ఒక సాఫ్ట్‌వేర్‌కి ఇది రిక్వైర్‌మెంట్ అనుకోండి. ఎట్టా ఉంది? ముందు వరసలో అమ్మాయి తల ఊపుతోంది. బాగుంది కదమ్మా. అంకె ఉంది, గడువు ఉంది, ఎవరికి పంపాలో ఉంది, టెస్టు చేయొచ్చు. 29148 అని ఐఎస్ఓ ప్రమాణం ఒకటుంది కదా, అందులో అడిగే లక్షణాలు చాలా వరకు కనిపిస్తాయి. నేను పేపర్ దిద్దేవాణ్ణయితే మార్కులు వేస్తా.

ఇప్పుడు రొయ్య వైపు నుంచి చూద్దాం. రాత్రి పూట ఎండ ఉండదు గనక నీళ్లలోని పాచి ఆక్సిజన్ ఇవ్వదు, పైగా తనూ పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజామున ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువకు దిగుతుంది. ఆ టైముకే కరెంటు పోయిందనుకోండి, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగుతాయి. మూడింటికి మన సాఫ్ట్‌వేర్ నిమిషం కూడా తీసుకోకుండా మెసేజ్ పంపింది. రైతు ఫోను తలగడ కింద సైలెంట్‌లో ఉంది. లేకపోతే ఫోను మోగింది, రైతు లేచాడు, కానీ ఆయన ఉండేది ఊళ్లో, చెరువు నాలుగు కిలోమీటర్ల అవతల. కాపలా మనిషికి ఫోను చేస్తే సిగ్నల్ లేదు. సిగ్నల్ ఉంది, అతను లేచాడు, జనరేటర్‌లో డీజిల్ లేదు. తెల్లారేసరికి రొయ్య చచ్చిపోయింది. సాఫ్ట్‌వేర్ లాగ్ తీసి చూడండి, అన్నీ పాస్. కంపెనీ వాడు ఆ లాగ్ చూపించి “మాది తప్పు లేదు సార్” అంటాడు. అతను అబద్ధమేం చెప్పట్లేదు.

సెన్సారు సంగతి ఇంకా ఎత్తలేదు. అది పెట్టిన చోట నీళ్లను కొలుస్తుంది. రొయ్య ఉండేది అడుగున, అక్కడ ఆక్సిజన్ పైనకంటే తక్కువ. నాలుగు రోజులు తుడవకపోతే సెన్సారు మీద పాచి పట్టి లెక్క మారిపోతుంది. ఉప్పు శాతం మారినా సర్దుబాటు చెయ్యాలి. వానొచ్చి చెరువులో ఉప్పు తగ్గితే ఆ సర్దుబాటు ఎవరు చేస్తారు? మన వాక్యంలో ఇదేమన్నా ఉందా?

ఈ రెండు చోట్లా తేడా ఎక్కడ వస్తోందో 1990లలోనే ఇద్దరు శుభ్రంగా చెప్పారు. ఒకరు పమేలా జేవ్, ఇంకొకరు మైకేల్ జాక్సన్. డాన్సు వేసే ఆయన కాదు లెండి, ఇంగ్లండులో సాఫ్ట్‌వేర్ డిజైన్ మీద జీవితమంతా పెట్టిన ఆయన. 1997లో వాళ్లు రాసిన వ్యాసంలో మూడు ముక్కల్ని విడదీశారు. రైతుకు కావలసింది బయట లోకంలో ఉంటుంది: రొయ్య బతకాలి. అది రిక్వైర్‌మెంట్. మెషీను తన అంచు దగ్గర ఏం చెయ్యాలో చెప్పేది స్పెసిఫికేషన్: ఈ అంకె దిగితే ఈ మెసేజ్ పంపు. ఈ రెంటికీ మధ్య మూడోది ఉంది, లోకం గురించి మనం నమ్ముతున్న సంగతులు: రైతు లేస్తాడు, డీజిల్ ఉంటుంది, సెన్సారు అడుగు నీళ్ల సంగతి చెబుతుంది. స్పెసిఫికేషన్, ఈ నమ్మకాలు, రెండూ కలిస్తేనే రిక్వైర్‌మెంట్ తీరుతుందని రుజువు. నమ్మకాల్లో ఒకటి జారితే స్పెసిఫికేషన్ వంద శాతం నెగ్గినా రొయ్య బతకదు. నేనిందాక చదివిన వాక్యం అసలు రిక్వైర్‌మెంటే కాదు, స్పెసిఫికేషన్. మనం క్లాసుల్లో చెప్పేవాటిలో సగం అట్టాంటివే.

ఇది చెరువుల గొడవే అనుకోకండి. 1993 సెప్టెంబరు 14న వార్సా విమానాశ్రయంలో ఒక ఎయిర్‌బస్ ఏ320 దిగింది. రన్‌వే తడిగా ఉంది, వెనక నుంచి గాలి. రెండు పక్కల కాళ్ల మీదా బరువు పడితేనో, చక్రాలు ఫలానా వేగం కంటే ఎక్కువ తిరిగితేనో విమానం నేల మీద ఉన్నట్టు అని సాఫ్ట్‌వేర్‌కి చెప్పి ఉంచారు. ఆ రోజు విమానం ఒక పక్కకి ఒరిగి దిగింది, ఒక కాలే ముందు ఆనింది. నీళ్ల మీద జారుతున్న చక్రం తిరగలేదు. పైలట్ బ్రేకు వేగ్గా పడాలని చూస్తున్నాడు, సాఫ్ట్‌వేర్ ఇంకా గాల్లోనే ఉన్నామనుకుంటోంది. దాదాపు 9 సెకన్లు అట్టా పోయాయి. ఇద్దరు చనిపోయారు. కోడ్ రాసినవాళ్లు రాసుకున్న పత్రం ప్రకారమే రాశారు.

మన దగ్గరి ఉదాహరణ కావాలంటే శ్రీహరికోట. ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి వెళ్లింది గానీ, 2022 దాకా నెల్లూరు వాళ్లదే, ఆ గర్వం మనం వదులుకోనక్కర్లేదు. 2019 జులైలో చంద్రయాన్-2 అక్కడి నుంచే ఎగిరింది, సెప్టెంబరులో ల్యాండరు చంద్రుడి మీద పడిపోయింది. ఆ తర్వాత ఇస్రో అధ్యక్షుడిగా ఉన్న సోమనాథ్ గారు కారణాలు బహిరంగంగా చెప్పారు. ఇంజన్లు అనుకున్నదానికంటే ఎక్కువ తోపుడు బలం ఇచ్చాయి, ఆ తేడాలు పోగుపడ్డాయి. ల్యాండరు గబగబా తిరగాల్సి వచ్చింది, అంత వేగంగా తిరగనీయకుండా సాఫ్ట్‌వేర్ హద్దు పెట్టింది. దిగాల్సిన చోటేమో 500 మీటర్ల పొడవు, 500 మీటర్ల వెడల్పు, అంతే. దాన్ని అందుకోవాలని నేల దగ్గరపడ్డాక కూడా వేగం పెంచుకుంటూ పోయింది.

చంద్రయాన్-3కి ఏం మార్చారో చూడండి. ఇంధనం పెంచారు, కాళ్లు గట్టివి చేశారు, దిగే జాగాని సుమారు 4 కిలోమీటర్ల పొడవు, 2.5 కిలోమీటర్ల వెడల్పుకి పెంచారు. కోడ్ దిద్దుకోవడం ఒకెత్తు, ఇది ఇంకొకెత్తు. ఆ 500 మీటర్లు ఎందుకు, ఎవరడిగారు, తప్పనిసరా అని వెనక్కి వెళ్లి అడిగి, అంకెనే మార్చారు. విజయం ఎట్టా వస్తుందని కాకుండా ఏమేం చెడొచ్చు అన్న వైపు నుంచి డిజైన్ చేశామని ఆయనే చెప్పారు. 2023 ఆగస్టు 23న దిగింది. రిక్వైర్‌మెంట్స్ పాఠానికి ఇంతకంటే మంచి కేస్ స్టడీ నాకు తెలియదు. మనమేమో ఇప్పటికీ ఏటీఎం మెషీను, లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ చెబుతున్నాం.

సరే, పరిశోధన ఏం చేసిందీ ఇన్నాళ్లు. ఈ రంగానికి సొంత సమావేశం 1993లో శాన్ డియెగోలో మొదలైంది, సొంత పత్రిక 1996లో. 2007లో ఆ సమావేశం ఢిల్లీకి కూడా వచ్చింది. ఆ మొదటి సమావేశంలోనే రాబిన్ లట్జ్ అనే ఆవిడ ఒక పని చూపించింది. నాసా వాయేజర్, గెలీలియో వ్యోమనౌకల సాఫ్ట్‌వేర్‌లో, టెస్టింగ్ దశలో బయటపడ్డ 387 లోపాల్ని ఒక్కొక్కటీ చదివింది. ప్రమాదకరమైన వాటికి మూలం ఎక్కువగా కోడ్‌లో దొరకలేదు. రిక్వైర్‌మెంట్స్‌ని సరిగా అర్థం చేసుకోకపోవడంలో, ఒక భాగానికీ ఇంకో భాగానికీ మధ్య అతుకు దగ్గర దొరికింది. కొత్త అల్గారిథమ్ లేదు, కొత్త బొమ్మ లేదు. ఓపికగా చదివి, విడగొట్టి చెప్పింది. ముప్పై ఏళ్లు దాటినా ఆ వ్యాసం చదవొచ్చు.

తర్వాత బొమ్మలు వచ్చాయి. లక్ష్యాల్ని చెట్టులాగా గీసే కావోస్, ఎవరు ఎవరి మీద ఆధారపడ్డారో గీసే ఐ-స్టార్. వెనక ఉన్న ఆలోచన గొప్పది. “ఏం” అడిగే చోట “ఎందుకు” అని అడగడం నేర్పాయి. కానీ తర్వాత వచ్చిన వందల వ్యాసాల్లో ఎక్కువ భాగం ఆ బొమ్మకి ఇంకో బాణం గుర్తు కలపడంతో సరిపోయింది. ఇది నా అభిప్రాయం, ఇక్కడ ఐ-స్టార్ మీద పీహెచ్‌డీ చేసేవాళ్లుంటే టీ దగ్గర తిట్టండి. ఓర్లీనా గోటెల్, ఆంథొనీ ఫింకెల్‌స్టీన్ 1994లోనే ఒక మాట చెప్పారు. పత్రం రాశాక దాన్ని కోడ్ దాకా వెంబడించడం పెద్ద కష్టం కాదు. పత్రం రాకముందు ఈ మాట ఎవరి నోట్లోంచి వచ్చింది, ఎందుకొచ్చింది అనేది పోతుంది, చిక్కంతా అక్కడే అన్నారు. ఆ చిక్కు ఇప్పటికీ చాలా వరకు అట్టాగే ఉంది. పత్రం తర్వాతి భాగానికి టూల్స్ బోలెడు వచ్చాయి, ఎందుకంటే దానికి డేటా డెస్కు మీదే దొరుకుతుంది.

డేటా అన్నాను గనక. రిక్వైర్‌మెంట్స్‌ని మెషీన్ లెర్నింగ్‌తో రకాలుగా విడగొట్టే వ్యాసాలు మీరంతా చూసే ఉంటారు, మీలో కొందరు రాసి కూడా ఉంటారు. వాటిలో చాలా వాటికి ఆధారం ఒకే డేటాసెట్. 625 వాక్యాలు. చికాగోలో డీపాల్ విశ్వవిద్యాలయం ఎంఎస్ విద్యార్థులు కోర్సు ప్రాజెక్టులుగా చేసిన 15 ప్రాజెక్టుల నుంచి తీసినవి. దాన్ని సమకూర్చిన వాళ్ల తప్పేం లేదు, మంచి పని చేశారు, అందరికీ ఇచ్చారు. కానీ పదిహేనేళ్ల పైగా ప్రపంచమంతా ఆ 625 వాక్యాల మీదే మా కచ్చితత్వం 80 శాతం, 85 శాతం, 90 శాతం అని పోటీ పడటం ఏంది? ఆ వాక్యాలు రాసినవాళ్లు విద్యార్థులు. వాటి వెనక రైతు లేడు, రోగి లేడు, కాపలా మనిషి లేడు. ఉన్నదంతా వాక్యమే.

ఇంకో అలవాటు. థీసిస్ మొదటి అధ్యాయంలో స్టాండిష్ గ్రూప్ అనే అమెరికా సంస్థ వాళ్ల 1994 నివేదిక, ఇన్ని సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులు విఫలం అంటూ. ఆ అంకెలు తీసిన తీరు మీద 2006లో యోర్గెన్‌సెన్, మొలెకెన్ గట్టి అనుమానాలు లేవనెత్తారు. ఇంకొకటి, తప్పు ఆలస్యంగా దొరికితే సరిచేసే ఖర్చు వంద రెట్లని. టిమ్ మెన్‌జీస్ బృందం 171 ప్రాజెక్టుల డేటాలో వెతికితే అట్టాంటి పెరుగుదల కనిపించలేదు. వాళ్లు చూసింది ఒక తరహా ప్రాజెక్టులనే, అది వేరే చర్చ. మన రంగం ముఖ్యమని చెప్పుకోడానికి అరువు అంకెలెందుకు? నేపైర్ అని 2012లో మొదలైన సర్వే కుటుంబం ఉంది, జర్మనీలో పుట్టి పది దేశాలకు పాకింది. 228 కంపెనీల్లో అడిగితే పై వరసలో వచ్చిన బాధ ఏంటంటే, రిక్వైర్‌మెంట్స్ పూర్తిగా లేకపోవడం, దాగి ఉండిపోవడం. తప్పుగా రాయడం కంటే అసలు రాయకపోవడం. నా మటుకు ఈ ఒక్క ఫలితం చాలు.

ఎందుకంటే ఇప్పుడు మీ అందరి జేబుల్లో చాట్‌బాట్ ఉంది. “రొయ్యల చెరువు యాప్‌కి రిక్వైర్‌మెంట్స్ రాయి” అంటే అర నిమిషంలో నలభై ఇస్తుంది. వ్యాకరణం శుభ్రంగా, నంబర్లేసి, మనకంటే బాగా. వాక్యం రాయడం, విడగొట్టడం, టెంప్లేట్‌లోకి మార్చడం, ఇరవై ఏళ్లు మనం పరిశోధన అనుకున్న పనిలో పెద్ద ముక్క ఇప్పుడు పైసా ఖర్చు లేని పని. దాని మీద ఇంకా థీసిస్ మొదలుపెట్టేవాళ్లుంటే, ఇవాళే గైడుతో మాట్లాడండి.

దానితో వచ్చే ప్రమాదం ఇంకోటుంది. పాత రోజుల్లో పత్రం చూస్తే తెలిసేది, ఇక్కడ ఖాళీ ఉంది, ఇక్కడ వీడికి తెలియదు అని. ఇప్పుడు నలభై వాక్యాలు నున్నగా వస్తే ఖాళీ ఎక్కడుందో కనపడదు. కాపలా మనిషి మాట అందులో ఉండదు, డీజిల్ ఉండదు. ఉంటే ఎక్కడో వియత్నాం చెరువు గురించో, ఈక్వడార్ గురించో చదివి చెబుతుంది. అది చదివిన చోట మన చెరువు లేదు, అంతే. లోకం గురించిన నమ్మకాల్ని పట్టుకోవడం, రాయడం, అవి ఇంకా నిజమేనా అని సాఫ్ట్‌వేర్ నడుస్తుండగా చూసుకోవడం, నేను పరిశోధన అనేది ఇక వీటినే. ఈ చివరి ఆలోచన కొత్తదేం కాదు, ఫికాస్, ఫెదర్ అనే ఇద్దరు 1995లోనే రిక్వైర్‌మెంట్స్‌ని నడుస్తుండగా కనిపెట్టి చూడాలన్నారు. అప్పుడు సెన్సార్లు ఖరీదు. ఇప్పుడు చెరువు గట్టున కుర్రాడి చేతిలో ఉంది.

ఈ పని మన ప్రాంతంలో చేసినంత బాగా మ్యూనిక్‌లో చెయ్యలేరు. ఊరికే పొగడ్డం కాదు, చెబుతా చూడండి.

చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో, మార్కాపురం పలకల పనిలో ఏళ్ల తరబడి చేసిన మనిషి వేళ్లు చూశారా? గీతలు అరిగిపోయి ఉంటాయి. వేలిముద్ర పడితేనే రేషన్ సరుకు, పడితేనే డబ్బు అనే ఏ వ్యవస్థ అయినా, మనిషికి చదవగలిగే వేలు ఉంటుందని నమ్ముతోంది. ఆ నమ్మకం పత్రంలో ఎక్కడా రాసి ఉండదు, అందరికీ తెలిసిందే గదా అనిపిస్తుంది గనక. పడనివాళ్లకి వేరే దారి పెడతారు, కానీ అది తర్వాత అతికించింది. ఏ పనిలో ఉన్నవాళ్లకి ఎంత తరచుగా పడటం లేదు, ఏ నెలల్లో ఎక్కువ, వేరే దారి నిజంగా ఎవరి చేతిలో ఉంది, డీలరు చేతిలోనా, ఆయన కొడుకు చేతిలోనా... ఇది ఒక్కటే ఒక మంచి థీసిస్.

ఇంకొకటి పొగాకు వేలం. టంగుటూరు, కొండపి, వెల్లంపల్లి, పొదిలి, ఎన్ని వేలం కేంద్రాలు లేవు మనకి. వేలం ఎలక్ట్రానిక్ అయింది. మీ విద్యార్థుల్ని రోజంతా అక్కడ కూర్చోబెట్టి, ఎవరికి ఏం కావాలో రాయమనండి. రైతుకి ధర కావాలి, అది ఎందుకొచ్చిందో తెలియాలి. కొనే కంపెనీ మనిషికి తన హద్దు పక్కవాడికి తెలియకూడదు. పొగాకు బోర్డు సిబ్బందికి ఇవాళ్టి బేళ్లు ఇవాళ అయిపోవాలి. ఈ మూడూ ఒకే స్క్రీన్ మీద కలవవు. నోబిడ్ చూడండి, అంటే తెచ్చిన బేలుకి ఎవరూ ధర పాడకపోవడం. డేటాబేస్ రాసే కుర్రాడికి నోబిడ్ అంటే ధర లేని ఒక వరుస. రైతుకి అది తిరుగు కిరాయి, మళ్లీ ఎత్తుడు కూలి, ఇంట్లో ఇంకో నాలుగు మాటలు. ఎందుకు నోబిడ్ అయిందో చెప్పాలనే రిక్వైర్‌మెంట్ ఎవరడగాలి? సమావేశానికి ఎవర్ని పిలిచారో వాళ్లే అడుగుతారు. గ్రేడింగ్ చేసే ఆడవాళ్లని ఏ సమావేశానికీ పిలవరు, ఆకు నాణ్యత గురించి అందరికంటే ఎక్కువ తెలిసింది వాళ్లకే.

భాష సంగతి కూడా అంతే. రిక్వైర్‌మెంట్ పుట్టేది తెలుగులో, మన యాసలో, సగం వాక్యంలో. పత్రంలోకి వచ్చేసరికి ఇంగ్లీషు. మధ్యలో ఒక బీటెక్ కుర్రాడు. అతను వదిలేసింది ఏమిటి, కలిపింది ఏమిటి? రికార్డింగు పక్కన పత్రం పెట్టి పోల్చిన పని చెయ్యండి. దానికి సూపర్ కంప్యూటర్ అక్కర్లేదు, ఫోను, అనుమతి, ఓపిక కావాలి.

నాకు ఇచ్చిన టైము అయిపోయింది, బెల్లు కొడుతున్నారు. ప్రశ్నలుంటే అడగండి.

(సభలో ఒకరు: “సార్, గట్ల మీద తిరిగితే స్కోపస్ లిస్టులో ఉన్న పత్రికలో పేపర్ వస్తుందా? ఎక్స్‌పెరిమెంట్ లేదని వెనక్కి కొడతారు గదా.”)

(నవ్వులు) కొడతారు, నిజమే. రెండు చెరువులు చూసి వచ్చి “రైతులకు సాంకేతికత అవసరం” అని రాస్తే కొట్టాల్సిందే. లట్జ్ చేసిన పనిలో ఉన్న క్రమశిక్షణ పెట్టండి. ఏం సేకరిస్తారో ముందే చెప్పండి, ఇద్దరు విడివిడిగా గుర్తులు పెట్టి ఎంత కలిసిందో లెక్క చూపించండి, డేటా నుంచి పేర్లు తీసి అందరికీ ఇవ్వండి. ఇట్టాంటి కేస్ స్టడీలు ఈ రంగంలో ప్రచురిస్తారు, వెతుక్కుంటారు కూడా. మీ కాలేజీ పాయింట్ల లెక్కలో ఎంత వస్తుందో మాత్రం మీ ప్రిన్సిపాల్ గార్ని అడగాలి.

(ఒక విద్యార్థిని: “వేలం కేంద్రానికి వెళ్తే మాతో ఎవరు మాట్లాడతారు సార్? అందరూ హడావుడిగా ఉంటారు.”)

మంచి ప్రశ్నమ్మా. వేలం రోజు మాట్లాడరు, ఆ రోజు చూడ్డానికే వెళ్లండి, కేంద్రం అధికారికి ముందుగా ఉత్తరం ఇచ్చి. మాట్లాడ్డానికి అంతకుముందే, ఆకు కాల్చే రోజుల్లో బ్యారన్ల దగ్గరికి పోండి. ఒక్కో బ్యారన్ వారం దాకా కాలుతుంది, రాత్రంతా వేడి చూసుకుంటూ ఎవరో ఒకరు మేలుకొని ఉండాల్సిందే. వాళ్లకి టైము ఉంటుంది, మాట్లాడే మనిషి దొరికితే సంతోషిస్తారు. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి, ఇంట్లో చెప్పి వెళ్లండి. మొదటి రోజు ప్రశ్నల కాగితం బయటికి తియ్యొద్దు. ఇంకా రికార్డు చేసే ముందు అడగండి, వద్దంటే ఫోను లోపల పెట్టుకుని చేత్తో రాసుకోండి.